చేటకాళ్ల పరుగు

సూర్యుడు శంఖగిరి భుజం మీదికి ఎక్కాడు. అంతవరకూ నీలంగా, నిద్రలో ఉన్నట్టున్న లోయ ఒక్కసారిగా వెలిగింది. దేవదారు కొమ్మల మీద పేరుకున్న మంచు ముత్యాల గొడుగుల్లా మెరిసింది. ఎక్కడా అడుగుజాడ లేదు, పిట్ట కూత లేదు. ఆ తెల్లటి వైభవం మధ్యలో సువర్ణతీర యువరాజు విక్రాంతుడు మొలలోతు మంచులో కూరుకుపోయి, ఒక చేత్తో విల్లు పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో గాలిని తోస్తూ నిలబడి ఉన్నాడు.

గట్టు మీద ఒక నడివయసు ఆడమనిషి నడుం మీద చేతులు పెట్టుకుని అతణ్ణి చూస్తోంది. ఒంటి మీద గొర్రెతోలు చొక్కా, తలకి ఎర్రటి గుడ్డ.

"ఎందాకా బాబూ, అలా ఈదుకుంటూ?"

"తెల్లవాకిలి దాకా," అన్నాడు విక్రాంతుడు. "నవ్వడం అయ్యాక చెయ్యి అందిస్తే దారి కూడా అడుగుతాను."

ఆమె చెయ్యి అందించలేదు. ఒక పొడవాటి కర్ర అందించి, చేపను లాగినట్టు లాగి గట్టున పడేసింది. ఆమె పేరు తొగరి. మంచుకోనలో ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకి ఉప్పు, మందులు, కబుర్లు మోసుకుపోయే పరుగుమనిషి.

"ఎండదేశం వాడిలా ఉన్నావు. తెల్లవాకిలి ఇవాళ మూసేస్తారని తెలుసా?"

"తెలిసే వచ్చాను."

రొమ్ము మీద వేలాడుతున్న తోలుసంచి విప్పి చూపించాడు. లోపల రేగుపండంత ఎర్రటి గింజ నిప్పుకణికలా వెలుగుతోంది. ధూమ్రకంఠుడనే మాంత్రికుడి గుహలోంచి నిన్ననే దాన్ని తెచ్చాడు. అగ్నిబీజం అది. కొండలకు అవతల కమలకోటలో అతని చెల్లెలు కాంచనవల్లి ఆ మాంత్రికుడి శాపం తగిలి, పాదాల నుంచి పైకి రాయిగా మారుతోంది. రాయి నడుం దాటింది. గుండెను తాకేలోగా ఈ గింజ ఆమె నాలుక మీద పడాలి. కొండ దాటడానికి ఉన్న ఒకే ఒక్క కనుమ తెల్లవాకిలి. సూర్యుడు పడమటి శిఖరం వెనక్కి దిగాక ఆ తలుపు దించేస్తే, మళ్లీ ఎత్తేది వసంతంలోనే.

తొగరి గింజ కేసి చూడలేదు. అతని కాళ్ల కేసి చూసింది.

"ఆ బూట్లతో వసంతానిక్కూడా చేరలేవు," అంది. వీపున కట్టుకున్న మూటలోంచి రెండు వింత వస్తువులు తీసి అతని ముందు పడేసింది. సన్నటి కర్రను కాచి, వంచి, చివర్లు కలిపి కట్టారు. మధ్యలో తోలు పట్టీలు వలలా అల్లారు.

విక్రాంతుడు వాటిని అటూ ఇటూ తిప్పాడు. "ధాన్యం చెరగడానికా?"

"కాళ్లకి కట్టుకోడానికి. చేటల్లా ఉంటాయని మేం చేటకాళ్లంటాం. మా కోనలో పాకే పిల్లలకి కూడా ఇవి తెలుసు. నువ్వింకా పాకే దశకి రాలేదు, అంతే."

కట్టింది. అతను లేచి నాలుగడుగులు వేసి, తన కాలు తనే తొక్కుకుని బోర్లా పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు.

"కాళ్లు ఎడంగా పెట్టు. మోకాలు అంతెత్తు లేపకు, ఇది కవాతు కాదు. ముందుకి జార్చి దించు. మడమ కాదు, పాదమంతా ఒకేసారి ఆనాలి. మంచుని తొక్కుతున్నాననుకోకు. మీద చెయ్యి వేసి నిద్రపుచ్చుతున్నాననుకో."

మూడోసారి అతను పడలేదు. మంచు అతణ్ణి మోసింది. ఇందాక మొలదాకా మింగినదే ఇప్పుడు అరచేతిలో పెట్టుకున్నట్టు పైన నిలబెట్టింది. విక్రాంతుడు ఏనుగుల మీద ఊరేగాడు, ఓడ ముక్కున నిలబడి సముద్రం దాటాడు. అయినా ఇంత ఆశ్చర్యం అతనికి ఎప్పుడూ కలగలేదు.

"నువ్వు కూడా వస్తావా అక్కా?" అన్నాడు.

"రాకపోతే నా చేటకాళ్లు ఎవరిస్తారు తిరిగి?" అని తొగరి తనూ ఒక జత బిగించుకుని పరుగు అందుకుంది.

అతను ఆమె పరుగు చూశాడు. గుర్రం పరుగులో బలం కనిపిస్తుంది, జింక పరుగులో భయం కనిపిస్తుంది. ఈమె పరుగులో ఈ రెండూ లేవు. తూనీగ నీటి మీద వాలి లేచినట్టు చేటకాళ్లు మంచును తాకి లేస్తున్నాయి. ప్రతి అడుగుకీ వెనక తెల్లటి ధూళి జల్లుగా లేచి, ఎండలో ఇంద్రధనుస్సులు పూసి రాలిపోతోంది. భుజాలు కదలడం లేదు. ఊపిరి వినపడడం లేదు. ఎక్కడ మంచు గట్టిగా ఉందో, ఎక్కడ గుల్లగా ఉందో అడుగు పడకముందే ఆమె పాదానికి తెలిసిపోతోంది. ఆమె తొక్కిన చోట మంచు చిక్కబడి బాటవుతోంది. వెనక వచ్చేవాడికి ఆ బాట మీద సగం శ్రమ తగ్గిపోతోంది.

కొంత దూరం పోయాక తొగరి చటుక్కున ఎడమ పక్కకి తప్పుకుని నిలబడింది.

"ముందు నువ్వు నడు. మా పద్ధతి ఇదే. ముందువాడు మంచు విరగ్గొడతాడు, అలిసిపోతాడు. అలిసిపోకముందే తప్పుకుంటాడు. వెనకవాడు ముందుకొస్తాడు. మా పెద్దకాపైనా అంతే, పెళ్లికొడుకైనా అంతే."

విక్రాంతుడు ముందుకొచ్చాడు. కొత్త మంచు విరగ్గొట్టడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అయినా వంతు అయిపోయాక తప్పుకోలేదు. తొగరి వెనకనుంచి పిలిచింది. వినపడనట్టు పరిగెత్తాడు. పుట్టిన దగ్గర్నుంచీ అతని ముందు ఎవరూ నడవలేదు. పక్కకి తప్పుకోవడమంటే ఓడిపోవడమని అతని కాళ్లు నమ్మాయి. రొమ్ము మీద అగ్నిబీజం వేడికి వీపంతా చెమట కారింది.

తొగరి ఒక్క ఊపులో వచ్చి అతని విల్లు పట్టుకుని లాగేసింది.

"వీపు చూపించు! చచ్చావు పో, చెమట పట్టింది. ఇక్కడ కత్తితో చచ్చినవాళ్లకంటే చెమటతో చచ్చినవాళ్లు ఎక్కువ బాబూ. నువ్వు ఆగిన మరుక్షణం ఆ తడి గడ్డకడుతుంది." అతని చొక్కా విప్పించి వీపు గట్టిగా తుడిచి, మూటలోంచి పొడిగుడ్డ తీసి లోపల కట్టించింది. "తప్పుకోవడం చేతకానివాడు ఇక్కడ ఒక్కడే చావడు. వెనకవాళ్లని కూడా చంపుతాడు."

తన తండ్రి తప్ప అతనితో ఎవరూ అలా మాట్లాడలేదు. విక్రాంతుడు తల వంచాడు. "ఇంకోసారి జరగదు అక్కా."

"జరుగుతుంది. అప్పుడు మళ్లీ తిడతాను. పద."

అప్పుడే అతను వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా, లోయ మొదట్లో, తెల్లటి బట్ట మీద చీమలబారులా ఒక నల్లటి గీత. దాని ముందు బూడిదరంగు మేఘమొకటి. ధూమ్రకంఠుడు! భటులతో వస్తున్నాడు, అదీ వీళ్లిద్దరూ చెమటోడ్చి వేసిన బాట మీదే.

"ఒక కొమ్మ విరిచి వెనకనుంచి ఈడ్చుకుంటూ పోదాం," అన్నాడు విక్రాంతుడు. "బాట చెరిగిపోతుంది. కొత్త మంచులో వాళ్లు కూరుకుపోతారు."

తొగరి ముఖంలో నవ్వు పోయింది. "బాట చెరపను."

"వాళ్లు శత్రువులు!"

"మంచులో వేసిన బాట వేసినవాళ్లది కాదు. నా చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ నన్ను వీపున కట్టుకుని ఎవరో వేసిపోయిన బాట పట్టుకుని వైద్యుడి దగ్గరకి చేరింది. అది ఎవరిదో ఈరోజుకీ తెలీదు. దొంగదేమో. హంతకుడిదేమో. వాడు చెరిపి పోయుంటే నేను లేను. చేరాలంటే వాళ్లకంటే గట్టిగా పరిగెత్తు. అంతేగానీ బాట జోలికి రాకు."

వాదించే వ్యవధి లేదు. బూడిదరంగు మేఘం చీలింది. అందులోంచి తోడేళ్లు దూకాయి. పొగ తోడేళ్లు! ధూమ్రకంఠుడి గొంతులోంచి పుట్టినవి. బరువు లేనివి కనుక మంచులో దిగబడవు. కళ్ల స్థానంలో నిప్పురవ్వలు, నోళ్లలోంచి మసి. కనురెప్పపాటులో లోయ దాటి వచ్చాయి. విక్రాంతుడు ఆగి బాణం వదిలాడు. అది ముందున్న తోడేలు తలలోంచి దూరి అవతల దేవదారుకి గుచ్చుకుంది. తోడేలు ఆవులించింది.

"ఆగకు!" తొగరి అరిచింది. "మడమలు విదిలించి పరిగెత్తు! ధూళి లేపు!"

ఆమె పరుగు మారింది. ప్రతి అడుగు చివరా చేటకాలి తోకను వెనక్కి చిమ్మింది. మంచు నిలువెత్తు అలలా లేచింది. విక్రాంతుడు పక్కనే చేరి అదే చేశాడు. ఇద్దరి వెనకా తెల్లటి గోడ ఒకటి పరుగెత్తుతున్నట్టు ఉంది. తోడేళ్లు అందులోకి దూకాయి. నీళ్లు పోసిన పొయ్యిలా చుయ్ మన్నాయి. ఒకటి, దాని వెనక ఇంకొకటి, నల్లటి బురద చుక్కలై మంచు మీద రాలాయి. చివరిది విక్రాంతుడి మడమ అందుకోబోయి, ముక్కు నిండా మంచు పీల్చి తుమ్మి మాయమైపోయింది.

"తుమ్మింది!" అని తొగరి పరిగెత్తుతూనే పడీ పడీ నవ్వింది. విక్రాంతుడికీ నవ్వు ఆగలేదు.

ఎండ నడినెత్తి దాటింది. వంతు మార్చుకుంటూ పరిగెత్తారు. ఈసారి అతను తప్పుకోవలసినప్పుడల్లా తప్పుకున్నాడు. తొగరి తిట్టడానికి సందు దొరక్క విసుక్కుంది.

మూగేరు అనే లోయ అడ్డొచ్చింది. అగాధంలో, ఎక్కడో అడుగున, నీళ్లు చప్పుడు లేకుండా పారుతున్నాయి. దాని మీద శీతాకాలం ఒక మంచు వంతెన కట్టింది. స్తంభం లేదు, ఆధారం లేదు. వెన్నముద్దను సాగదీసి రెండు కొండల మధ్య అతికించినట్టుంది. తొగరి ముందు దాటింది, నీడ జారినట్టు. విక్రాంతుడు ఊపిరి బిగించి వెనక దాటాడు. అతని ఆఖరి అడుగు గట్టు మీద పడుతుండగా గుమ్మని చప్పుడైంది. వంతెన నడుం మీద నీలంగీత ఒకటి మెరుపులా పాకింది.

"ఇంక ఇది ఎవర్నీ మోయదు," అంది తొగరి. మూటలోంచి రెండు కర్రలు, ఎర్రగుడ్డ పీలిక తీసింది. తీసి, వంతెన కేసి నడిచింది.

విక్రాంతుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎక్కడికి?"

"అవతలి గట్టుకి. కర్రలు అడ్డంగా నాటి ఎర్రగుడ్డ కడితే, ముందు చావుందని గుర్తు. దాటాక తెలిసింది కనక వెనక్కెళ్లి పెట్టాలి."

"నన్ను చంపడానికి వస్తున్నవాళ్లకి నువ్వు చచ్చి గుర్తు పెడతావా?"

"వాళ్లకి దారి చూపిస్తున్నది నా మరిది చుక్కడు, ఇందాక నడక చూసి పోల్చాను. కొరడా పెట్టి లాక్కొచ్చుంటారు. వాడు లేకపోయినా వెళ్లేదాన్నే." ఇంట్లోకి వచ్చి తలుపు వేస్తానన్నంత మామూలుగా అంది.

విక్రాంతుడు ఆమె ముఖం చూశాడు. అందులో త్యాగం చేస్తున్న ఠీవి ఏ కోశానా లేదు. అదే అతణ్ణి కదిలించింది. ఆమె అన్నది సబబనిపించలేదు. కానీ ఆమెను పోనివ్వడం అంతకంటే అసాధ్యం అనిపించింది.

"గుర్తు పెట్టాలి, అంతే కదా? నువ్వే పెట్టాలని లేదు కదా?"

ఎర్రగుడ్డ లాక్కున్నాడు. ఒక బాణానికి ముడేశాడు. గట్టు వెంట ఎడమకి పరిగెత్తి, మోకాలి మీద కూర్చుని, విల్లు చెవిదాకా లాగి వదిలాడు. బాణం అగాధం దాటి వంతెన మొదట్లో ఏటవాలుగా దిగింది. కుడికి పరిగెత్తి రెండోది వదిలాడు. అది మొదటిదానికి అడ్డంగా, సరిగ్గా నడుం దగ్గర ఆనుకుని దిగింది. ఎర్రటి పీలిక గాలికి రెపరెపలాడింది.

తొగరి కళ్లు చిట్లించి ఆ గుర్తు కేసి చూసింది.

"ఇలాంటి పని వచ్చినవాడివి, పొద్దున ఆ ఈత ఎందుకు ఈదావు బాబూ?" అంది. ఇద్దరూ మళ్లీ పరుగందుకున్నారు.

అవతలి గట్టుకి ధూమ్రకంఠుడు చేరేసరికి ఎండ పసుపురంగుకి తిరిగింది. తాటిచెట్టంత మనిషి, మెడ చుట్టూ కండువాలా పొగ. ముందు నడుస్తున్న చుక్కడు బాణాల ముందు ఆగిపోయాడు.

"దారి ఇక్కడితో ఆఖరు సామీ. గుర్తుంది."

"ఆ బాణాలు ఎవరివి?"

"ఈకలు చూస్తే రాజబాబువే."

ధూమ్రకంఠుడు పకపకా నవ్వాడు. "నా తల నరకాలని తిరిగేవాడు నా ప్రాణం మీద దయతో గుర్తు పెట్టాడా? నేను చుట్టుదారి పట్టాలి, ఈలోగా వాకిలి మూసుకోవాలి, అదీ వాడి ఎత్తు. వాడి స్థానంలో నేనున్నా ఇదే చేసేవాణ్ణి." జీవితమంతా ఉచ్చులు పన్నినవాడికి నిజం ఎదురుపడితే అందులోనూ ఉచ్చే కనిపించింది.

"గుర్తు ఎవరు పెట్టినా గుర్తే సామీ," అని చుక్కడు మంచులో చతికిలబడ్డాడు. "కొట్టుకో, చంపుకో. దీన్ని దాటి అడుగెయ్యను."

మాంత్రికుడు వాడి చేటకాళ్లు ఊడబెరికి తన కాళ్లకి బిగించుకున్నాడు. భటుల వంక చూశాడు. భటులు చుక్కడి వంక చూసి, ఒక్కొక్కరే వాడి పక్కన కూర్చున్నారు. ధూమ్రకంఠుడు ఉమ్మేసి, బాణాలను తన్ని, ఒక్కడే వంతెన మీద అడుగుపెట్టాడు.

కొండ పగిలినంత మోత! వంతెన నడుం విరిగి అగాధంలోకి రాలింది. తెల్లటి పొగ, నల్లటి పొగ కలిసి ఆకాశానికి లేచాయి.

ఆ మోతకి ఇవతలి కొండవాలు వణికింది. పైన పేరుకున్న మంచు చాపలా చుట్టుకుని జారడం మొదలెట్టింది. "పక్కకి! దిగువకి కాదు, పక్కకి!" అంటూ తొగరి అతణ్ణి తోసింది. వాలుకి అడ్డంగా పరిగెత్తారు. మంచు గుర్రాల దండులా గర్జిస్తూ వెనకనుంచే దూసుకుపోయింది. దాంతో కొట్టుకొచ్చిన దేవదారు మొద్దు ఒకటి తొగరి ఎడమకాలిని ఒరుసుకుపోయింది.

ధూళి అణిగింది. తొగరి ఎడమ చేటకాలు రెండు ముక్కలై పడి ఉంది. మడమ వాచింది.

"నావి కట్టుకో," అన్నాడు విక్రాంతుడు వంగుతూ.

"లేస్తావా, తన్నమంటావా? రాయవుతున్నది నా చెల్లెలా, నీ చెల్లెలా? అదిగో వాకిలి. ఒక్క వాలు. నేను కుంటుకుంటూ నీ బాట పట్టుకుని వస్తాను. పో!"

వెళ్లాడు. ఎదురుగా నిటారు వాలు. దాని మీద ఎవరి జాడా లేదు. సూర్యుడు పడమటి శిఖరం మీదికి వాలుతున్నాడు. వంతు మార్చుకోవడానికి పక్కన మనిషి లేడు. అయినా విక్రాంతుడు తొందరపడలేదు. పాదం జార్చాడు, దించాడు, నిద్రపుచ్చాడు. బంగారు పలకలాంటి ఆ వాలు మీద, పొద్దున నిలబడడం చేతకాని మనిషి సూదితో కుట్టు వేసినంత తిన్నగా బాట వేసుకుంటూ పైకి పోయాడు.

తెల్లవాకిలి దగ్గర కాపలాదారు బిక్కన, తలుపు తాళ్ల పక్కన నిలబడి అతని రాకే చూస్తున్నాడు.

"ఎండదేశం వాడివి, ఇంత మంచి బాట ఎవరు నేర్పారయ్యా?"

"తొగరక్క," అని విక్రాంతుడు గుమ్మం మీద కూలబడ్డాడు.

"అదీ, అనుకున్నాను. వెనక కుంటుతున్నది తనేనా?" బిక్కన చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "మరి ఆ రెండోవాడెవరు?"

విక్రాంతుడు దిగ్గున లేచాడు. వాలు మొదట్లో తొగరి ఒంటికాలి మీద ఎక్కుతోంది. ఆమె వెనక, అదే బాట మీద, తాటిచెట్టంత ఆకారం! విరిగిన వంతెన మీంచి తన పొగ పట్టుకుని తేలి గట్టెక్కినట్టున్నాడు, అది మెడ చుట్టూ చిరిగి వేలాడుతోంది. కాళ్లకి చుక్కడి చేటకాళ్లు. దూరం తరుగుతోంది.

"తలుపు ఎంతసేపు ఉంచుతారు?"

"వాలు మీద మనిషి కదులుతున్నంతసేపూ మేం తాళ్లు వదలం. కానీ సూర్యుడు దిగాక గాలి లేస్తుంది. అప్పుడు వదిలేది మేం కాదు బాబూ, గాలే."

"కమలకోటకి ఎంత సేపు?"

"అంతా దిగుడే. మా పోలి అయితే దీపాలవేళకి చేరుతుంది," అని బిక్కన భార్యను చూపించాడు. బక్కపల్చటి మనిషి. అప్పటికే ఆమె చేటకాళ్లు కట్టుకుంటోంది. "నాకంటే తనే గట్టి. ఆ మాట పదిమందిలో అనకు."

విక్రాంతుడి చెయ్యి తోలుసంచి మీద బిగుసుకుంది. దీనికోసం గుహలు దాటాడు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుంటే ఒకటే దృశ్యం. చెల్లెలు కళ్లు తెరుస్తుంది, ఎదురుగా తను ఉంటాడు. కానీ గింజకి ఎవరు తెచ్చారన్నదానితో పనిలేదు. వేళ్లు ఒక్కొక్కటే వదిలాయి. సంచి విప్పి పోలి మెడలో వేశాడు.

"నాలుక మీద పెట్టాలి అమ్మా. పేరు కాంచనవల్లి. భయపడితే, అన్నయ్య పంపాడని చెప్పు."

పోలి తల ఊపింది. వాకిలి అవతల వాలులోకి దూకింది. తెల్లటి ధూళి ఒక గీతలా లేచి, దిగువకి సాగిపోయింది.

విక్రాంతుడు చేటకాళ్ల తోలు పట్టీలు బిగించి కట్టుకున్నాడు. విల్లు సరిచూసుకున్నాడు. అంబుల పొదిలో ఒక్క బాణం మిగిలింది. వాలు దిగుతూ పరిగెత్తడం అతనికి ఎవరూ నేర్పలేదు. అయినా దిగాడు. మంచు కాళ్ల కింద నదిలా పారింది.

తొగరి తలెత్తి చూసింది. "వెనక్కెందుకొస్తున్నావు, పిచ్చి బాబూ!" అన్న అరుపు కొండల్లో మార్మోగింది. ఆమె వెనక ధూమ్రకంఠుడు మళ్లీ పొగ తోడేళ్లను వదలడానికి నోరు తెరిచి ఊపిరి లాగాడు.

పడమటి శిఖరం సూర్యుణ్ణి సగం మింగింది. పైన వాకిలి దగ్గర తాళ్లు మొదటి గాలికి కిర్రుమన్నాయి. విక్రాంతుడు తిరిగి చూడలేదు. అడుగుల ఎడం పెంచాడు.